బోర్డుకిచ్చిన చలివంతు

రోహిణి కార్తె, రెండో రోజు
వేగం: 3.4. వేడి: వేలికి పది.

ఇలా రాసుకోవడం నా అలవాటు కాదు, తరుణ్‌ది. కంప్యూటర్ వేగం ఒక్క మెట్టు పెంచినా సరే, ఏం మార్చాడో ఏం జరిగిందో రాసుకున్నాకే టీ ముట్టుకునేవాడు. నేను నవ్వేదాన్ని. ఆయన పోయి నాలుగేళ్ళయింది, ఇప్పుడు రాయాల్సిన పని నా మీద పడింది. ఆయనలా రెండు ముక్కల్లో తేల్చడం నాకు చేతకాదు. డెబ్బై దాటిన ఆడదాని చేతికి కాగితం దొరికితే ఊరి సంగతులన్నీ అందులోకి వచ్చి పడతాయి, అంతే.

వేడి కొలిచే సెన్సర్ ఎప్పుడో చచ్చిపోయింది. అందుకే వేలు. కంప్యూటర్ లోపలి బోర్డు మీద ప్రాసెసర్ పక్కన నల్లటి చిన్న బిళ్ళలు వరసగా ఉంటాయి. ప్రాసెసర్‌కి కరెంటు కొలిచి పోసేది అవే. వాటి వెనక బోర్డుకి వేలు ఆనించి ఒకటి, రెండు అని లెక్కపెడతాను. పది దాకా ఓర్చుకోగలిగితే క్షేమం. ఐదుకే చెయ్యి లాక్కుంటే ఆపమని అర్థం.

పొద్దున్నే శాన్వి మెట్లు దిగి వచ్చింది. పక్క నేలింట్లో ఉంటుంది; ఇక్కడి ఇళ్ళన్నీ భూమి లోపల తవ్వినవే. మా ఊరు బొంతగుట్ట విత్తనాలన్నీ ఆమె చేతి కిందే. ఎండెక్కితే ఎవరూ భూమి లోంచి తల బయట పెట్టరు కాబట్టి ఇక్కడ ఏ మాటైనా పొద్దు పొడిచే వేళకే అయిపోవాలి.

"చిన్నమ్మా, నీ మెషిన్ ఈసారన్న ముందుగాల చెప్తదా, పోయినేడు తీరుగ వాన పడ్డంక చెప్తదా?" అంది.

ఎత్తిపొడుపే గానీ అబద్ధం కాదు. గాలి అంకెలు, అంటే వాతావరణం కొలతలు, నెట్ మీద అందరికీ ఉచితంగానే వస్తాయి. వాటిని లెక్క కట్టి ఫలానా రోజు వాన అని చెప్పడం మాత్రం పెద్ద పట్టణమైన గాజునగరానికే జరుగుతుంది. మా అరవై గడపల కోసం ఎవరు కడతారు? నేను ఉద్యోగం చేసిన రోజుల్లో రాసిన వానలెక్క ఒకటుంది. దాన్ని ఈ పాత కంప్యూటర్ మీద నడిపిస్తే పది రోజుల ముందు చూపు వస్తుంది. కానీ ఆ లెక్క పూర్తవడానికే తొమ్మిది రోజులు పడుతుంది. దారిలో ఒక్క ముక్క చెప్పదు, చెప్పేదేదో చివర్లోనే. మిగిలేది ఒక్క రోజు. ఊరి చేలన్నీ విత్తడానికి ఊరంతా కలిసి చేసినా రెండున్నర రోజులు కావాలి.

వాన పడ్డాక విత్తుదామంటే కుదరదు. రెండెండలకే నేల పెంకులా బిగుస్తుంది. గింజ ముందే మట్టిలో ఉండాలి. పోయినేడు ఒక జల్లు పడగానే ఊరంతా శాన్వి మీద పడి విత్తించారు. మొలిచింది, మర్నాడే మాడింది. నగరంలోని విత్తన భాండాగారం మాకు ఏడాదికి ఒక్కసారే జొన్న ఇస్తుంది. వరసగా రెండో ఏడూ పంట లేకపోతే ఊరిని మూసేసి, బస్సులు పెట్టి, మమ్మల్ని గాజునగరంలో అరల్లాంటి గదుల్లోకి సర్దుతారు.

"నాకైతె బుగులు పుడుతుంది చిన్నమ్మా," అంది శాన్వి. "మళ్ళ తప్పు జేస్తె ఎవ్వలకు మొఖం జూపియ్యలేను."

రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు. నాకు మాత్రం ఆ మొహం చూడగానే తల పగిలినంత పనైంది. మెషిన్ వేగం పెంచుతానని చెప్పాను.

రోహిణి, నాలుగో రోజు
వేగం: 3.8 దాకా వెళ్ళి పడిపోయింది. వేడి: ఏడు.

లెక్క ఏడు రోజుల్లో తేలాలంటే వేగం 4.3 గిగాహెర్ట్జ్ కావాలి. ఈ ప్రాసెసర్‌కి ఆ సత్తువ ఉంది. బోర్డుకే లేదు.

దానికో చరిత్ర ఉంది. హన్మకొండలో చదువుకునే రోజుల్లో నేనూ తరుణూ కలిసి కంప్యూటర్ కట్టుకోవాలనుకున్నాం. ఉన్న డబ్బుకి మంచి ప్రాసెసర్ కొంటే మంచి బోర్డు రాదు. ప్రాసెసర్ నా పట్టుదల. ఆయన దుకాణంలో ఉన్నవాటిల్లో అన్నిటికన్నా చవక బోర్డు తీసి చూపించి, "గుడ్డి కన్నా మెల్ల నయం, దీంతో నెట్టుకొస్తా" అన్నాడు. కొట్టువాడు కూడా జాలిపడ్డాడు. వేడి లాగే లోహపు రెక్కలు ఆ నల్ల బిళ్ళల మీద లేనే లేవు, బోసి మొహం. అది ఆఫీసుల్లో గుమాస్తాలు ఉత్తరాలు కొట్టుకోవడానికి చేసిన బోర్డు. మేము దాని మీద ఆటలాడాం, సినిమాలు కత్తిరించాం, నా మొదటి వానలెక్క కట్టాం. వేసవిలో కంప్యూటర్ డబ్బా మూత తీసి ఎయిర్ కూలర్ ఎదురుగా పెట్టేవాళ్ళం. గదిలో మా ఇద్దరికీ గాలి ఉండేది కాదు.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ మొహం మీద నవ్వు వస్తుంది. ఎంత చిన్న గది, ఎంత చప్పుడు చేసే ఫ్యాను.

సరే, ఈ రోజు పని. వేగం ఒక్కో మెట్టు పెంచుతూ వెళ్ళాను. ప్రతి మెట్టుకీ ఒక చిన్న లెక్క ఇచ్చి తడబడుతుందేమో చూడటం. 3.7 దాకా బుద్ధిగా నడిచింది. 3.8 దగ్గర తెర నీలంగా మారి ఆగిపోయింది. మళ్ళీ లేవనే లేదు. అప్పుడు చేసేదేమిటంటే, బోర్డు మూలన ఉన్న రెండు పిన్నుల్ని స్క్రూడ్రైవర్ మొనతో ఒక క్షణం కలపడం. బోర్డు, నేను నేర్పిందంతా మరిచిపోయి, మళ్ళీ మొదటి వేగానికి వస్తుంది. మనుషులకీ అలాంటి పిన్నులుంటే బాగుండును. శాన్వి పోయినేటి తప్పు మరిచిపోయేది.

మళ్ళీ మొదలుపెట్టి, ఈసారి ప్రాసెసర్‌కి కరెంటు ఒక పిసరు ఎక్కువ ఇచ్చాను. 3.8 నిలబడింది. కానీ బిళ్ళల వేడి వేలికి తెలిసింది.

రోహిణి, ఐదో రోజు
వేగం: 3.9. వేడి: ఆరు.

తెల్లవారుజామున జల్లు పడింది. పావుగంట. మట్టి వాసనకి ఊరు ఊరంతా పైకెక్కి నిలబడింది. నేనూ ఎక్కాను, మోకాళ్ళు తిట్టుకుంటూ.

జనం శాన్వి చుట్టూ చేరారు. "ఇత్తుదం, ఇత్తుదం" అని ఒకటే గోల. ఆమె విత్తన గది తలుపుకి వీపు ఆనించి నిలబడింది.

"పోయినేడు గిట్లనే మురిసినం. మెషిన్ చెప్పెదాంక ఒక్క గింజ ఇయ్య," అంది. ఎవరెంత అడిగినా తలుపు వదల్లేదు.

మధ్యాహ్నానికి నేల మళ్ళీ తెల్లబడింది. విత్తి ఉంటే అన్నీ పోయేవే. అయినా సాయంత్రం నల్లా దగ్గర ఒకావిడ నాకు వినపడేలా, "ముసల్దాని పెట్టె మాట నమ్ముకుంటె మనం బస్సెక్కుడే" అంది. కూసేవాళ్ళని కూయనిచ్చాను. లోపల మాత్రం గుచ్చుకుంది.

రోహిణి, ఏడో రోజు
వేగం: 4.3! వేడి: రెండు. చెయ్యి కాలింది.

4.3 అందుకున్నాను. పది నిమిషాలు నిలబడింది. ఆ తరవాత బోర్డు తనంతట తనే వేగం తగ్గించేసుకుంది, నా వల్ల కాదని. తెర మీద అంకె 4.3 నుంచి 2 కి జారిపోతుంటే చూడాలి! తగ్గకపోతే బిళ్ళలు కాలిపోయేవి, కాబట్టి తిట్టడానికి లేదు.

రిత్విక్‌ని పిలిచాను. చలిమిల్లు చూసుకునే మనిషి. ఎండ కరెంటుతో నీళ్ళు చల్లబరచి, మట్టి గోడల లోపల పూడ్చిన పైపుల్లో ఇంటింటికీ తిప్పే మిల్లు అది. ఒక్కో ఇంటికి రోజుకి ఒక గంట వంతు వస్తుంది. ఆ గంట గోడలు చల్లబడితే మిగతా రోజు బతుకుతాం. రిత్విక్‌కి నలభై రాలేదు, నోరు మాత్రం నా కన్నా పెద్దది.

"అవ్వా, గీ డబ్బకు గింత తిప్పలెందుకే? దీని వయసుకు కాశీకి తోలాలె."

"నన్ను అవ్వ అనకు. దాని కన్నా నాకు ఇరవై ఏళ్ళే ఎక్కువ."

"గందుకే అంటున్న," అని నవ్వి పనిలోకి దిగాడు.

అల్యూమినియం ఇడ్లీ రేకొకటి కోసి రెక్కలు చేసి బిళ్ళలకి అంటించాడు. వేడి రెండు నుంచి నాలుగుకి వచ్చింది. చాలదు. నా గోడ పైపు పగలగొట్టి, రాగి గొట్టం బయటికి లాగి, బోర్డు వెనక నుంచీ ప్రాసెసర్ మీద నుంచీ తిప్పాడు. నా వంతు గంటలో నీళ్ళు వచ్చాయి. వేడి తొమ్మిది! పదకొండు కూడా లెక్కపెట్టగలిగాను.

గంట అయిపోయింది. నీళ్ళాగాయి. మళ్ళీ రెండు.

"ఏడు రోజులు ఇడువకుంట చలి గావాలె," అన్నాడు రిత్విక్. "ఊరోళ్ళ వంతులు గలిపితెనే అయితది."

మా ఊళ్ళో చలివంతు అడగకూడదు. కాన్పుకీ, జ్వరానికీ, శవం ఇంట్లో ఉన్నప్పుడూ ఇచ్చేవాళ్ళే వస్తారు. తమ వాల్వు తమ చేత్తో కట్టేసి, గడప దగ్గర నిలబడి "నా వంతు నీదే" అంటారు. అడిగితే అది పాపం కింద లెక్క. ఎందుకంటే అడిగితే కాదనలేరు, కాదనలేక ఇచ్చిన ఇంట్లో ఆ మధ్యాహ్నం ఎవరైనా సొమ్మసిల్లవచ్చు. తరుణ్ పోయినప్పుడు ఊరంతా ఇచ్చారు. ఆ రోజు మా ఇల్లు ఎంత చల్లగా ఉందో గుర్తుంది. అంత చల్లని ఇంట్లో ఆయన లేడు.

మనిషి ప్రాణానికి ఇచ్చేది పెట్టెకి ఎలా అడగను?

రోహిణి, ఎనిమిదో రోజు
వేగం: ఆపి ఉంచాను.

పొద్దు పొడవక ముందే గడప దగ్గర శాన్వి. ఒళ్ళంతా చెమట.

"నా వంతు నీదే చిన్నమ్మా."

"నీకు ఇంట్లో అత్త ఉంది, ఆమెకి ఆయాసం. పిచ్చిదానా, వెళ్ళి వాల్వు తిప్పుకో."

"ఆమెనే తోలింది. బస్సెక్కి సచ్చుడు కన్నా గీడ ఉడికి సచ్చుడు నయం, పోయి ఇచ్చిరా అన్నది."

రిత్విక్ ఎవరినీ అడక్కుండానే సంగతి ఊరంతా చెప్పాడని అర్థమైంది. ఆమె వెనకే ఇంకొకరు. తరవాత ముగ్గురు కలిసి. మధ్యాహ్నానికి నా మెట్ల నిండా మనుషులు. మొన్న నల్లా దగ్గర నన్నాడిపోసుకున్నావిడ కూడా వచ్చింది. తల వంచుకుని, గబగబా "నా వంతు నీదే" అనేసి, "నీది గాదు, గా పెట్టెది" అని సరిదిద్దింది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

అందరివీ తీసుకోలేదు. పసిపిల్లలున్న ఇళ్ళని వెనక్కి పంపాను. మిగిలినవి చాలని రిత్విక్ లెక్క తేల్చాడు.

రోహిణి, తొమ్మిదో రోజు
వేగం: 4.3. వేడి: తొమ్మిది.

ఈ పొద్దుటి గాలి అంకెలు దింపుకుని అసలు లెక్క మొదలుపెట్టాను. మధ్యలో కరెంటు పోకూడదు. బోర్డు మీది రూపాయి బిళ్ళంత బ్యాటరీ చచ్చి ఏళ్ళయింది కాబట్టి, ఒక్క క్షణం తీగ ఊడినా దానికి అన్నీ మరుపే, లెక్క మొదటికే. బ్యాటరీ గది నుంచి వచ్చే తీగ మీద ఎవరూ కాలు పెట్టకుండా రాళ్ళు పేర్చాను.

ఫ్యాను చప్పుడు వింటూ పక్కనే కూచున్నాను. అది హన్మకొండ చప్పుడే. కళ్ళు మూసుకుంటే, చౌరస్తాలో కొన్న మిర్చి బజ్జీల పొట్లం కీబోర్డు మీద పెట్టి, "హారికా, 4 దాటింది, చూడు చూడు" అని తరుణ్ అరిచిన అరుపు వినిపిస్తుంది. ఆ రోజు 4 దాటడం వల్ల మాకు ఒరిగిందేమీ లేదు. ఆటలో బొమ్మ కాస్త నున్నగా కదిలింది, అంతే. అయినా ఎంత సంబరపడ్డాం! చవక బోర్డుతో ఖరీదైన వేగం దొంగిలించామని ఊగిపోయాం. ఇప్పుడు ఊరి బతుకంతా ఆ దొంగతనం మీదే ఉంది.

రోహిణి, పన్నెండో రోజు
వేగం: 4.3. వేడి: తొమ్మిది.

అన్నీ సవ్యంగా ఉన్నాయి. ఊరు మాత్రం ఉడుకుతోంది. వంతులిచ్చినవాళ్ళు పగలంతా విత్తన గదిలో, బావి మెట్ల మీద పడుకుంటున్నారు. ఎవరూ ఒక్క మాట అనడం లేదు, అదే నాకు ఎక్కువ భారంగా ఉంది. తిట్టినా బాగుండు.

తరుణ్ అనేవాడు: ప్రాసెసర్ పెళ్ళికొడుకు, బోర్డు వంటవాడు అని. ఊరేగేది ఒకడు, పొయ్యి ముందు మాడేది ఇంకొకడు. నేను విసుక్కునేదాన్ని, నీ సామెతలు ఆపి టంకం పెట్టు అని.

ఆయన ఈ బోర్డుకి ఎన్నిసార్లు కెపాసిటర్లు మార్చాడో నాకు తెలియదు. కొత్త చిప్పులు మనుషుల చేతికి ఇవ్వడం మానేశాక, ప్రాసెసర్లన్నీ నగరం గోడల్లోకి వెళ్ళిపోయాక, పాత సామాన్ల గుట్టలు వెతికి విడిభాగాలు తెచ్చేవాడు. నేను ఆ సంగతి పట్టించుకోలేదు. మీట నొక్కితే మెషిన్ లేచేది. అంతవరకే నాకు తెలుసు.

మృగశిర కార్తె, మొదటి రోజు
వేగం: 4.3. వేడి: పది.

మిరుగం వచ్చింది. మా చిన్నప్పుడు ఈ రోజు చేపలు తినాల్సిందే. ఉదయం నుంచే బజార్లో తోపులాట, ఇంట్లో చింతపులుసు వాసన. చేపలంటే ఏమిటో ఇక్కడి వాళ్ళకి బొమ్మల్లోనే తెలుసు. జొన్న గటకలో కాస్త చింతపండు పిసుక్కుని తిని, చేపలే అనుకున్నాను.

రిత్విక్ వచ్చి చూసి, గొట్టం లీకవుతోందన్నాడు. పైన వంపు దగ్గర తడి కనిపించింది. బిగించి, టేపు చుట్టి వెళ్ళాడు. సాయంత్రం మళ్ళీ తడి. మళ్ళీ చుట్టాడు.

"పాత గొట్టం గదా, రంధ్రాలు వడ్డయేమొ. ఇంక రెండు రోజులే గదా అవ్వా, ఆగుతది తియ్యి."

లెక్కలో ముప్పాతిక పైనే అయిపోయింది. ఎల్లుండికి తేలుతుంది. ఒక గుడ్డ కింద పెట్టి నిద్రపోయాను.

మృగశిర, రెండో రోజు
వేగం: లేదు.

కాలిన వాసనకి లేచాను. తెర నల్లగా ఉంది. ఫ్యాను ఆగిపోయింది. బోర్డు కింది అంచున నీళ్ళు నిలబడి ఉన్నాయి, నల్ల బిళ్ళల్లో ఒకటి పగిలి పొగ చూరింది. తీగ పీకేశాను గానీ అప్పటికే అంతా అయిపోయింది.

నేలమీద కూలబడ్డాను. ఎంతమంది ఎన్ని మధ్యాహ్నాలు ఉడికారు దీని కోసం! రిత్విక్ పరిగెత్తుకొచ్చాడు. మొహం పాలిపోయింది.

"నా పాపమే అవ్వా. రెండుసార్లు బిగించిన. జాయింటు కాడ చుక్క లేదు. గీ నీళ్ళు యాడికెళ్ళి వస్తున్నయో సమజైతలేదు."

వాడిని తిట్టడానికి నోరు తెరిచి, కొంగుతో గొట్టం తుడిచాను. కొంగు తడిసింది. తెల్ల కొంగు. తడిసి తెల్లగానే ఉంది.

మిల్లు నీళ్ళలో నీలం రంగు కలుపుతారు, ఎవరూ తాగకుండా. ఈ తడిలో నీలం లేదు.

మళ్ళీ తుడిచాను. ఈసారి కళ్ళు దగ్గర పెట్టి చూశాను. ఒక చోట నుంచి కాదు, గొట్టం పొడుగునా మంచు పట్టినట్టు సన్నటి తడి చేరి, అది చుక్కలై జారుతోంది.

యాభై ఏళ్ళు వెనక్కి వెళ్ళిపోయాను. ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు గ్లాసు. దాని మీద వేలితో పేర్లు రాసుకునేవాళ్ళం. అది బల్ల మీద పెడితే గుండ్రంగా తడి మరక పడేది, ఆ గ్లాసుని తరుణ్ కంప్యూటర్ పక్కన పెడితే నేను కేకలేసేదాన్ని. ప్రపంచంలో ప్రతి ఇంట్లో రోజూ కనిపించేది అది. నేను మరిచిపోయాను. వీళ్ళు ఎన్నడూ చూడలేదు. ఇక్కడ చల్లని పైపులన్నీ మట్టి గోడల్లోనే ఉంటాయి, గట్టి వానలు మొదలవగానే మిల్లు ఆపేస్తారు. తాగే నీళ్ళు మట్టి కుండలో, కుండ తడిస్తే అది లోపలి నుంచి ఊరిన నీరే. తడి కనిపిస్తే లీకనే అనుకుంటారు, ఇంకేమనుకుంటారు?

"శాన్విని పిలువు," అన్నాను. "పరిగెత్తు."

ఆమె వచ్చి కాలిన బోర్డు చూసి గోడకి ఆనుకుంది. కళ్ళలో నీళ్ళు. "అయిపాయె," అంది.

చెయ్యి పట్టుకుని గొట్టం మీద పెట్టాను. "తుడువు. ఆగు. మళ్ళీ చూడు."

తుడిచింది. చూసింది. చుక్కలు మళ్ళీ వచ్చాయి. అర్థంకానట్టు నన్ను చూసింది.

"ఇది పైపులో నీళ్ళు కాదు. గాలిలో నీళ్ళు. గాలిలో తడి ఉంటే చల్లటి లోహం మీద ఇలా చేరుతుంది. ఎండుగాలిలో చేరదు. మొన్నటి దాకా ఈ గొట్టం పొడిగా ఉంది. నిన్నటి నుంచి ఆగకుండా కారుతోంది, మిట్టమధ్యాహ్నం కూడా. దొంగ జల్లు తడి పూటలో ఆరిపోతుంది శాన్వీ. ఇది సముద్రం మీద నుంచి వస్తున్న గాలి."

"మెషిన్ చెప్పిందా గీ మాట?"

"మెషిన్ చచ్చి చెప్పింది."

ఆమె అరచేతిలో తడి చూసుకుంటూ నిలబడింది. "తప్పయితె?" అంది చివరికి.

"తప్పయితే బస్సులో నా పక్కనే కూచో. గాజునగరం చేరేదాకా తిట్టు."

నేను నవ్వుతూనే అన్నాను. పది రోజుల లెక్కకి బదులు నా చేతిలో ఉన్నది ఒక తడి గొట్టం. శాన్వి నా మొహం చూసింది. నా భయం కూడా చూసే ఉంటుంది. అయినా తడిచేతిని మొహానికి రుద్దుకుని, మెట్లెక్కి, విత్తన గది తాళం తీసింది.

మృగశిర, ఐదో రోజు

మూడు పొద్దులు, మూడు సాయంత్రాలు ఊరంతా పొడి దుక్కిలో విత్తారు. నన్ను గట్టు మీద కూచోబెట్టారు, ముసలమ్మవి అని. నేను కూడా రెండు సాళ్ళు వేశాను, దొంగచాటుగా.

నిన్న మధ్యాహ్నం దాకా మొగులు లేదు. ఒకళ్ళిద్దరు నన్ను చూసి చూపు తిప్పుకున్నారు. శాన్వి మాత్రం నా వైపు చూడనే లేదు, చూస్తే ధైర్యం చెడుతుందేమోనని. నేను అన్నం తినలేకపోయాను.

సాయంత్రానికి నైరుతి నల్లబడింది. గాలి లేదు, ఉరుము లేదు. సన్నగా మొదలైంది. పావుగంటలో ఆగుతుందని అందరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఆగలేదు. చీకటి పడ్డా ఆగలేదు. తెల్లారి లేచేసరికి కూడా పడుతూనే ఉంది. చేలల్లో నీళ్ళు సాళ్ళ వెంట నడుస్తున్నాయి.

శాన్వి చేలో మోకాళ్ళ మీద కూచుని మట్టి పిడికిట్లోకి తీసుకుని పిండి చూస్తోంది. ముద్ద కట్టింది. ఆమె ఏడుస్తూ నా వైపు తిరిగి గట్టిగా ఏదో అరిచింది. వాన చప్పుడులో వినబడలేదు. వినబడాల్సిన అవసరమూ లేదు.

మృగశిర, తొమ్మిదో రోజు
వేగం: లేదు. మొలకలు వచ్చాయి.

చిటికెన వేలంత జొన్న. ఆకుపచ్చ చూసి కళ్ళు నొప్పెట్టాయి. చలిమిల్లు ఆపేశారు, ఇళ్ళ తలుపులన్నీ పగలు కూడా తెరిచి ఉన్నాయి.

వచ్చినవాళ్ళందరూ ఒకటే అడుగుతున్నారు: "ప్రాసెసర్ బతికిందా?" బతికింది. తీసి చూశాను. ఒక్క మచ్చ లేదు, బంగారు పిన్నులు అన్నీ నిటారుగా ఉన్నాయి. మెచ్చుకుంటూ వెళ్తున్నారు. గట్టి పిండం అంటున్నారు. బోర్డు సంగతి ఒక్కరూ అడగలేదు.

రోజంతా ఆ మాటే మనసులో తిరిగింది. నేను ఉద్యోగంలో ఉండగా నా వాన లెక్కలకి శాలువాలు కప్పారు. పేపర్లో ఫోటో వేశారు. ఆ రోజుల్లో నాకు అన్నం వండి పెట్టిందెవరో, నేను రాత్రుళ్ళు ఆఫీసు నుంచి వస్తే బస్టాండులో నిలబడిందెవరో, నేను నొక్కే మీట వెనక ఏది కాలిపోయినా తెల్లారేలోగా బాగుచేసిందెవరో ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పుకోలేదు. ఆ చవక బోర్డులాగే, తన శక్తికి మించి కరెంటు పోస్తూ యాభై ఏళ్ళు నన్ను పరిగెత్తించాడు. తరుణ్, నువ్వు లేని వెలితి నాకు ఇవాళ తెలిసినంతగా ఎప్పుడూ తెలియలేదు.

సాయంత్రం రిత్విక్ వచ్చాడు. ఉత్సాహంగా ఉన్నాడు. నగరం పాత సామాన్ల గుట్టలో ఇలాంటి బోర్డు ఇంకోటి వెతికి తెస్తానన్నాడు. "మంచి ప్రాసెసర్ ఉన్నది గదా అవ్వా, అదుంటె సాలు. గీ మాడిపోయినదాన్ని పారేసొస్త, ఇటియ్యి."

"అది ఉండనీ."

"కాలిపోయింది గదనే. దేనికి పనికొస్తది?"

ఇంతసేపు కాగితం మీద ఇన్ని మాటలు రాశానా, నోట్లోంచి ఒక్కటే వచ్చింది.

"అది మా ఆయన రా."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. చేతులు లుంగీకి తుడుచుకుని, బోర్డుని రెండు చేతులతో అందుకుని, వాన తగలకుండా లోపలి గదిలో పొడిగుడ్డ మీద పడుకోబెట్టాడు.